దిగు అన్నది నేనే

పోయిన నెల హిందూపురంలో మా బావ కొడుకు కట్టుకున్న కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. వెళ్ళకూడదనే మొదట అనుకున్నాను, ఎందుకంటే పిలుపు ఫోనులో వచ్చింది; మా అమ్మ పుట్టింటివాళ్ళు గడప దాకా వచ్చి బొట్టు పెట్టి పిలవవలసిన శుభకార్యానికి ఫోనులో నాలుగు మాటలు చెప్పి ముగించడం ఇది మొదటిసారి కాదు, అలా ముగించిన ఒక్కసారిని కూడా నేను మరిచిపోలేదు. అయితే బెంగుళూరు నుంచి సెలవులకని గోరంట్లలో మా ఇంటికి వచ్చిన మనవరాలు పోదాం పోదామని వెంటపడింది కాబట్టి, ఆ పిల్ల ముఖం చూసి బస్సెక్కాను.

భోజనాలయ్యాక హాల్లో పిల్లలంతా ఒక ఫోటో చుట్టూ మూగారు. పాత ఫోటోను పెద్దది చేయించి, కొత్త చట్రంలో బిగించి, గుమ్మానికి ఎదురుగా తగిలించారు. అందులో ముగ్గురు పిల్లలు కింద నిలబడి ఉంటారు, వాళ్ళ భుజాల మీద ఇద్దరు, ఆ ఇద్దరి భుజాల మీద చేతులు చాచి ఒక చిన్నపిల్ల. కింది వరసలో ఎడమవైపు నవ్వుతున్నది మా బావ, అంటే మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. మధ్యలో ఉన్నది నేను. నేనని నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆనాడు ఫోటో తీసేటప్పుడు మా పిల్లల సర్కసు సంఘం పేరు రాసిన బోర్డును స్టాండుతో సహా తెచ్చి సరిగ్గా నా ముందు నిలబెట్టారు; బోర్డు పైన నా నుదురూ పాపిడీ మాత్రం కనబడతాయి. అందరినీ మోసినదానికి ఆ ఫోటోలో ముఖం లేదు.

బావ కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే, కుడికాలి చీలమండ రుద్దుకుంటూ కథ మొదలుపెట్టాడు. "ఆ బోర్డు ఎనకాల ఉండేది ఎవరనుకుంటాండారు? మీ గోరంట్ల అవ్వే! పెనుకొండలో బాగానే నిలబడింది. ధర్మవరంలో జనాన్ని చూసేసరికి బెదిరిపోయి, దిగు దిగు అని ఒకటే అరుపు. ఆటంతా గంగలో కలిపింది!"

పిల్లలు విరగబడి నవ్వారు. ఈ కథను ఆయన మా బంధువుల ప్రతి పెళ్ళిలోనూ చెప్తూ వచ్చాడు, ఒక్కొక్క పెళ్ళికి ఒక్కొక్క ముక్క చేరుస్తూ వచ్చాడు. మొదట్లో నేను అరిచాను మాత్రమే. మా చెల్లెలి పెళ్ళి నాటికి ఏడ్చాను కూడా. ఆయన కొడుకు పెళ్ళి నాటికి నిక్కరు తడుపుకున్నాను. ఇప్పుడు పిల్లల ముందు కాబట్టి నిక్కరు సంగతి వదిలేశాడు, అదొక్కటే నాకు దక్కిన మర్యాద.

బస్టాండుకు వచ్చాక మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "అవ్వా, నువ్వు నిజంగా భయపడినావా?" అని అడిగింది. ఆ పిల్ల బెంగుళూరులో శని ఆదివారాలు సర్కసు క్లాసుకు పోతుంది. పోటీలకు కాదు, బతుకుతెరువుకు కాదు, సరదాకే; మెత్తటి పరుపుల మీద పిల్లలు బంతులు ఎగరేయడం, చక్రాల మీద తిరగడం, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడడం నేర్చుకుంటారట. ఇదీ నాలాగే గట్టి ఒళ్ళున్న పిల్ల, కింది వరసలోనే నిలబడుతుందట. బస్సెక్కినాక చెప్తా ఉండమన్నాను. గోరంట్ల బస్సు రావడానికి చాలాసేపు పట్టింది, ఆ సేపంతా నేను మాత్రం ధర్మవరంలోనే ఉన్నాను.

హిందూపురంలో పెరిగిన నా తరం వాళ్ళకు చింతపండు మండీ వెనకాల ఉండిన ఖాళీ స్థలం గుర్తుండే ఉంటుంది. ముందు వైపు బండ్లు, బస్తాలు, కన్నడమూ తెలుగూ కలిపి బేరాలాడే గొంతులు. వెనక వైపు ఎవరికీ పట్టని నేల. యాభైల చివరి ఏళ్ళలో అక్కడ ఒక మూల, నూనెమిల్లు నుంచి శనక్కాయల పొట్టు తెచ్చి మందంగా పోసి, పైన గోనెసంచులు కుట్టి పరిచి, సాయంత్రాలు మేము సర్కసు విద్యలు నేర్చుకునేవాళ్ళం. ఎంత దులుపుకున్నా జడల్లో పొట్టు మిగిలేది, రాత్రి దిండు మీద గరగరలాడేది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు మంచి నిద్రకు గుర్తు.

నేర్పించేది ఒక మలబారు ఆవిడ. చిన్నప్పటి నుంచి సర్కసు కంపెనీలో పెరిగి, కాలికి దెబ్బ తగిలి ఆటకు పనికిరాకుండా పోయాక, కంపెనీలో దీపాలు చూసుకునే భర్తకు మా ఊరి నూనెమిల్లులో పని దొరికితే ఇక్కడే ఉండిపోయింది. మేమంతా సర్కసక్క అనేవాళ్ళం. కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేది. ఆ దెబ్బ ఎలా తగిలిందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు, ఊళ్ళోవాళ్ళు మాత్రం తలా ఒక కథ అల్లుకున్నారు. ఆమె కూతురే ఆ ఫోటోలో మా పిరమిడ్ మీద అందరికంటే పైన నిలబడే చిన్నపిల్ల, అప్పటికి పళ్ళు ఊడుతున్న వయసు.

ఆ పిల్లల సంఘానికి సెక్రటరీ మా మేనమామ. ఊళ్ళో ఏ సంఘం పెట్టినా సెక్రటరీ ఆయనే. సైకిలు షాపు ఉండేది, షాపులో కంటే సభల్లోనే ఎక్కువ కనబడేవాడు. పెద్దవాళ్ళను ఒప్పించి ఆడపిల్లల్ని కూడా సర్కసుకు పంపించేలా చేసింది ఆయనే, ఆ మంచిపని ఆయన ఖాతాలో నేను ఏనాడూ కొట్టివేయలేదు. మా అవ్వ మాత్రం, "నిక్కరేసుకొని మొగపిల్లోళ్ళను బుజాల మీద మోసేదేంది మే? రేపు నిన్ను ఎవడు చేసుకుంటాడు?" అని నా మీద విరుచుకుపడితే, మామ నవ్వి, "యాడికో ఎందుకు పోవాల? మనింట్లోనే పిల్లోడు ఉండాడు గదమ్మా," అని బావను చూపించాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ధర్మవరం తర్వాత ఎవరూ ఎత్తలేదు, ఆ ఒక్క విషయంలో ధర్మవరం నాకు మేలే చేసింది.

నిజం చెప్పాలంటే నాకు కింద నిలబడాలని లేదు. గొడుగు పట్టుకుని తీగ మీద నడవాలని ఉండింది. మొదటి రోజు సర్కసక్క పిల్లల్ని వరసగా నిలబెట్టి చూస్తూ వచ్చి, సన్నటివాళ్ళను తీగ వైపు, చురుకైనవాళ్ళను చక్రం వైపు పంపించి, నా దగ్గర ఆగి, భుజాలు నొక్కి, పిక్కల మీద అరచేత్తో చరిచి, "నువ్వు కింద," అంది. పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ సాయంత్రానికే నాకు సంగటిముద్ద అని పేరు పెట్టారు. పెట్టింది ఎవరో చెప్పనక్కరలేదు.

అయితే కింద నిలబడడంలో ఉన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. సర్కసక్కకు ఒక పద్ధతి ఉండేది. పిరమిడ్ కట్టేటప్పుడు ఆమె నోరు మెదిపేది కాదు. కింది వరసలో మధ్యన ఉన్న పిల్ల ఎక్కు అంటేనే పైవాళ్ళు ఎక్కాలి, దిగు అంటే ఎక్కడివాళ్ళక్కడ వరస తప్పకుండా దిగిపోవాలి. తెలుగు ఆమెకు సగమే వచ్చు, కానీ ఈ మాట మాత్రం గట్టిగా చెప్పేది. "పైన పిల్లకు ఏమి తెలుసు? జనం కనపడతారు, అంతే. కింద పిల్లకు అందరి కాళ్ళూ తెలుసు. కింద పిల్ల దిగు అంటే దిగాల. నేను వద్దు అన్నా దిగాల."

ఒకసారి నేను దిగు అన్నాను, అందరూ దిగారు, తీరా చూస్తే నా మెడ మీద గండుచీమ. బావకు మండిపోయింది, "దీనికోసమా? ఎందుకు దిగమన్నావో ముందు చెప్పకూడదా?" అని ఎగిరాడు. సర్కసక్క వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "అడగొద్దు. దిగినాక కూడా అడగొద్దు. ఈ పొద్దు నువ్వు అడిగితే, రేపు చెప్పేముందు ఆ పిల్ల ఆలోచిస్తాది. ఆలోచించేలోపల నా బిడ్డ కింద పడతాది."

ఆ కాలంలో పదకొండేళ్ళ ఆడపిల్ల మాటకు ఇంట్లో ఎంత విలువ ఉండేదో మీకు నేను చెప్పాలా? ఏ కూర వండాలో మనల్ని అడిగేవాళ్ళు కాదు, ఏ బడికి పోవాలో అడిగేవాళ్ళు కాదు, బడిలో అయితే అడక్కుండా నోరు తెరిస్తే బెత్తం. అలాంటిది ఆ పొట్టు మీద నా మాటకు మొగపిల్లలు, నాకంటే పెద్దవాళ్ళు, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. ఎవరూ ఎందుకని అడిగేవాళ్ళు కాదు. సంగటిముద్ద అన్న పేరు పోలేదు గానీ, వేరే వీధి పిల్లలు ఎవరైనా నన్ను అలా పిలిస్తే మావాళ్ళే మీదికి పోయేవాళ్ళు. ఆ పేరుతో పిలవడానికి పొట్టు మీద పడి లేచినవాళ్ళకే హక్కు అన్నట్టు ఉండేవాళ్ళు. నాకంటూ ఒక మంద దొరికింది అప్పుడే. అందుకే అది పోయినప్పుడు నేను అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు, ఇప్పటికీ వదల్లేదు.

మా ఆటను పెనుకొండలోనూ ధర్మవరంలోనూ చూపించాలని మామ ఏర్పాటు చేశాడు. ప్యాసింజరు బండిలో, బోర్డూ చక్రాలూ గోనెసంచులూ వేసుకుని, పాడుకుంటూ పోయాం. పెనుకొండలో బడి ఆవరణలో ఆడాం. బాగా జరిగింది, నేను ఎక్కు అన్నాను, ఎక్కారు, చిన్నది పైన చేతులు చాచింది, చప్పట్లు మోగాయి, నేను దిగు అన్నాను, దిగారు. ఫోటో అప్పుడు తీసిందే. అంతా అయ్యాక, ముందు కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి మామను పిలిచి, అందరికీ వినబడేలా, "ఏమప్పా సెక్రటరీ, ఆ పిల్ల అరుస్తాంటే మొగపిల్లోళ్ళు ఎక్కుతాండారు, దిగుతాండారు! ఆట మీదా, ఆ పిల్లదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామ కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను బోర్డు పక్కనే నిలబడి ఉన్నాను, ఆ చెవుల్ని చూశాను, ఏదో రాబోతోందని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటి రోజు పొద్దున్నే పిల్లల్ని కొండ మీదికి తీసుకుపోయారు. పాడుబడిన గోడలు, బురుజులు. తిరిగి దిగే వేళకు బావ కనబడలేదు, వెతుక్కుని రమ్మని నన్ను పంపించారు. ఒక మొండిగోడ వెనకాల నేల మీద కూర్చుని ఉన్నాడు. గోడ మీది నుంచి దూకాడట, చూసేవాళ్ళు కూడా లేకుండానే. కుడికాలి చీలమండ అప్పటికే వంకాయలా ఉబ్బుతోంది. నన్ను చూడగానే వాడి ముఖమంతా చెమట పట్టింది.

"మే, నాయనకు చెప్పినావంటే నన్ను చంపేస్తాడు. ఎక్కొద్దని నిన్ననే చెప్పినాడు. నాయనకు చెప్పనని ఒట్టెయ్."

చంపేస్తాడన్నది ఊరికే అన్న మాట కాదు. మామ షాపులో పాత టైర్ల నుంచి కోసిన రబ్బరు పట్టీలు వేలాడుతుండేవి, బావ వీపు మీద వాటి అచ్చులు నేను చూశాను. అందుకే ఒట్టేశాను. సాయంత్రం ఆట ఎలాగని అడిగితే, "అప్పటికి తగ్గిపోతాదిలే, నిలబడేదే గదా," అన్నాడు. నా రిబ్బను విప్పి చీలమండకు బిగించి కట్టి, మేజోడు పైకి లాగి, నవ్వుతూ నడిచాడు. ఆ నవ్వు నేర్చుకున్నది ఆ రోజే, ఇంకా వాడుతున్నాడు.

బండి ధర్మవరం వైపు కదిలాక, మామ జేబులోంచి ఒక కొత్త విజిల్ తీసి మాకందరికీ చూపించాడు. ఈ రోజు నుంచి అరుపులు ఉండవని, విజిల్ వేస్తే ఎక్కాలని, విజిల్ వేస్తేనే దిగాలని, అదే క్రమశిక్షణ అని చెప్పాడు. నా వైపు తిరిగి, "నువ్వు నోరు మూసుకొని నిలబడు పాపా, నవ్వుతా ఉండు, చాలు," అన్నాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నేను సర్కసక్క పక్కకు జరిగి, విజిల్ వద్దని చెప్పు అక్కా అని బతిమాలాను. ఆమె లేచి ఈడ్చుకుంటూ మామ దగ్గరికి పోయి చాలాసేపు మాట్లాడింది. చక్రాల చప్పుడులో ఏమీ వినబడలేదు, మామ తల అడ్డంగా ఊపడం మాత్రం కనబడింది. తిరిగి వచ్చి, "చెప్పినాను," అని ఒక్క మాట అంది. తర్వాత తెలిసింది, స్టేజీ దగ్గర పెద్దమనుషులు ఉంటారు కాబట్టి సర్కసు ఆడది ముందుకు రాకూడదని, తెర వెనకాలే ఉండాలని కూడా ఆమెకు చెప్పారట.

ధర్మవరంలో మాకు మధ్యాహ్నం భోజనం ఒక నేతపనివాళ్ళ ఇంట్లో. ఇల్లంతా మగ్గమే, మనుషులు మగ్గం వదిలిన చోట సర్దుకున్నట్టు ఉండేవాళ్ళు. గుంటలో కూర్చుని ఆ ఇంటి పెద్దాయన పట్టుచీర నేస్తుంటే, అంచు వైపు నా వయసు పిల్ల ఒకతి కూర్చుని, నిలువు పోగుల మధ్యలోకి రంగు అంచు దారాన్ని పంపే నాడెను తన వైపు నుంచి విసురుతోంది. ఆ పిల్ల విసిరితేనే ఆయన పోగును బిగించే పలక కొడుతున్నాడు. ఆ పిల్ల నన్ను చూడబోయి ఒక్క క్షణం ఆగితే ఆయన చెయ్యి కూడా గాలిలోనే ఆగింది, విసుక్కోలేదు, ఆ పిల్ల విసిరేదాకా అలాగే ఉన్నాడు. చాలాసేపు అక్కడే నిలబడి చూశాను.

ఆటకు ముందు మరోసారి మామ దగ్గరికి పోయాను. పిరమిడ్ ఈ రోజు వద్దు మామా, తీగా చక్రాలూ చాలు అన్నాను. ఎందుకు వద్దని అడిగాడు. బావ నా వెనకే నిలబడి ఉన్నాడు, వాడి ఊపిరి నాకు వినబడుతోంది. ఊరికే అన్నాను. మామ నిన్న పెనుకొండలో వాళ్ళు నవ్వినట్టే నవ్వి, "ఓహో, విజిల్ నా నోట్లో ఉండాదని అలక!" అన్నాడు.

స్టేజీ ఒక సత్రం ఆవరణలో. బల్లలు జతచేసి, పైన జంపఖానా పరిచారు. మా గోనెసంచులు మాసిపోయి ఉన్నాయని, చూడ్డానికి బాగుండదని, వాటిని విప్పనివ్వలేదు. పెట్రోమాక్సు దీపాలు బుసలు కొడుతున్నాయి. ముందు వరసలో పట్టు వ్యాపారులు, వెనక నేత కుటుంబాలు, గోడల మీద పిల్లలు. పక్కనే డోలు వాయిస్తున్నాడు ఒకాయన, ఎంత గట్టిగా వాయిస్తే అంత గొప్ప అని ఎవరో చెప్పినట్టున్నారు.

విజిల్ మోగింది. మేము ముగ్గురం ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడ్డాం. మళ్ళీ మోగింది. పై ఇద్దరూ ఎక్కారు. ఎడమవైపు ఎక్కినవాడి కాలు ఒకటి నా భుజం మీద, ఒకటి బావ భుజం మీద. ఆ కాలు మోపగానే బావ నడుం నుంచి ఒక వణుకు నా చేతిలోకి వచ్చింది. సన్నటి వణుకు, నీళ్ళబిందె నిండుగా ఎత్తుకున్నప్పుడు మోచెయ్యి వణికినట్టు. నేను కళ్ళు కిందికి దించి చూశాను. వాడి కుడి మడమ నేలకు ఆనడం లేదు. మునివేళ్ళ మీద నిలబడి, పళ్ళు బిగించి, జనం వైపు నవ్వుతున్నాడు.

మళ్ళీ విజిల్. చిన్నది పరుగెత్తుకుంటూ వచ్చింది. అది ఎక్కే దారి నా మీది నుంచే: నా తొడ మీద ఒక కాలు, నడుం మీద ఒక కాలు, అక్కడి నుంచి పైవాళ్ళు చెయ్యి అందించి లాక్కుంటారు. దాని కాలు నా తొడ మీద పడేసరికి బావ వైపు నుంచి వచ్చే వణుకు ఊగుడైంది. నేను మెల్లగా దిగు అన్నాను. డోలులో నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. పైన ఉన్నవాడికి వినబడింది కాబోలు, చిన్నదాని కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మామ విజిల్ ఊదాడు. చెయ్యి మళ్ళీ ముందుకు వచ్చింది. ఊదడం ఆపకుండా, మామ నా వైపు కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

చిన్నది నా మెడ పట్టుకుని వేలాడుతూ, నా ముఖానికి ముఖం ఆనించి, ఎక్కాలా వద్దా అన్నట్టు చూసింది. దాని నోట్లో ఊడిన పన్ను సందు కూడా నాకు కనబడింది. వెనకాల తెర సందులోంచి దాని అమ్మ చూస్తోందని నాకు తెలుసు.

అప్పుడు అరిచాను. "దిగు!"

డోలు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మామ విజిల్ ఒక్కటే ఎక్కు ఎక్కు అని మోగుతోంది. చిన్నది చేతులు వదిలి కిందికి జారింది. పైన కుడివైపు వాడు, తర్వాత ఎడమవైపు వాడు, సర్కసక్క నేర్పించిన వరసలోనే, మోకాళ్ళు వంచి, చప్పుడు లేకుండా దిగారు. ఎవరూ పడలేదు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అదే నా తప్పయింది. ఒక్కరు పడి ఉంటే అందరికీ అర్థమయ్యేది.

జనం ఈలలు వేశారు. "బయపడింది పాపం, బిన్నా స్టేజీ దించండప్పా, తొందరగా!" అని ఎవరో అరిస్తే నవ్వులు. మామ నా రెక్క పట్టుకుని పక్కకు లాగి, తీగ మీద నడిచే పిల్లల్లో కాస్త పొడుగున్న ఒకడిని తెచ్చి నా చోట నిలబెట్టాడు. బావ అలాగే నిలబడి ఉన్నాడు, ఆ మడమ అలాగే లేచి ఉంది, ఆ నవ్వు అలాగే ఉంది. మామ విజిల్ ఊదాడు.

ఎవరూ ఎక్కలేదు.

మళ్ళీ ఊదాడు. పై వరస పిల్లలిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. తల ఎత్తలేదు, ఎదురు చెప్పలేదు, కదల్లేదు. నన్ను పక్కకు లాగేశాక కూడా, దిగు అన్న నా మాట తర్వాత ఎక్కు అన్న నా మాట రాలేదు కాబట్టి, వాళ్ళ లెక్కలో ఇంకా దిగి ఉండవలసిందే. మామ ముఖం నల్లబడిపోయింది. ఊది ఊది దగ్గు వచ్చింది. చిన్నది జనం ముందే మెల్లగా నడుచుకుంటూ పోయి, తెర పక్కకు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చక్రాలు తిప్పి, ఎవరో ఒక పాట పాడి, ముగించారు.

బావ కథలో ఈ ముక్క ఉండదు. ఏ పెళ్ళిలోనూ లేదు.

తెర వెనకాల మామ నన్ను నిలదీశాడు. అందరూ చుట్టూ ఉన్నారు.

"ఎందుకు దిగమన్నావు?"

నేను బావ వైపు చూశాను. వాడు పెట్టె మీద కూర్చుని, వంగి, మేజోడు సర్దుకుంటున్నాడు. తల ఎత్తుతాడని చూశాను. ఎత్తలేదు.

"బరువెక్కువైంది," అన్నాను.

"నిన్న మోసింది ఈ బరువే గదా? రాత్రికి రాత్రి పెరిగిందా?"

"ఈ పొద్దు ఎక్కువైంది."

"బయపడినానని చెప్పు, వదిలేస్తా."

"బయపడలేదు."

ఆ మాట ఎన్నిసార్లు అడిగినా అదే అన్నాను. బయపడినానని ఒప్పుకుని ఉంటే ఆ రాత్రే నన్ను క్షమించేవాళ్ళు, భయపడిన ఆడపిల్ల మీద ఎవరికీ కోపం ఉండదు. ఒప్పుకోలేదు కాబట్టి నన్ను సంఘంలోంచి తీసేశారు. సర్కసక్క ఒక మూల బట్టలు మడతపెడుతూ ఉంది. ఒక్క మాట నా తరఫున మాట్లాడలేదు, ఒక్క మాట నన్ను అడగలేదు. తిరుగు బండిలో కూర్చున్న నా వెనక్కి వచ్చి నిలబడి, రోజూ ఆట అయ్యాక చేసినట్టే, రెండు బొటనవేళ్ళతో నా భుజాలు నొక్కింది. నాకది చాల్లేదు. నాకు అప్పుడు కావలసింది నా పక్షాన మాట్లాడే నోరు. ఆమె అడగకపోవడం, దిగినాక కూడా అడగొద్దన్న ఆమె పద్ధతేనని, ఆ రాత్రి అక్కడ ఉన్న పెద్దవాళ్ళలో దాన్ని తప్పనిది ఆమె ఒక్కతేనని పెళ్ళయి పిల్లలు పుట్టాక గానీ నాకు తట్టలేదు. తట్టింది కదా అని కోపమంతా పోయిందని చెప్పను. కొంచెం ఉంది.

ఆ తర్వాత పొట్టు మీద పిరమిడ్ రెండు వరసలకు మించి లేవలేదని విన్నాను. విజిల్ మాట మీద తన బిడ్డను ఎక్కించనని సర్కసక్క చెప్పిందట. అరవైలు వచ్చేసరికి ఆమె భర్తకు వేరే ఊళ్ళో పని దొరికింది, వెళ్ళిపోయారు, నాకు చెప్పకుండానే. మా జట్టులో ఒకరిద్దరు దారిలో కనబడితే సంగటిముద్దా అని పిలిచి నవ్వేవాళ్ళు, నేను పలికేదాన్ని. మామ పోయి చాలా ఏళ్ళయింది. నాయనకు చెప్పనన్నదే నేను వేసిన ఒట్టు, ఆయన పోయిన రోజుతో అది తీరిపోయింది. అయినా నేను చెప్పలేదు. బావ తనంతట తానే చెప్పాలని కాచుకుని కూర్చున్నాను. ఒక పెళ్ళి తర్వాత ఇంకో పెళ్ళికి పోయి ముందు వరసలో కూర్చున్నది అందుకే. చలికాలంలో ఆయన ఆ చీలమండ రుద్దుకుంటాడు, ఎందుకని కోడలు అడిగితే, వయసు అంటాడు.

మండీ వెనకాల స్థలంలో ఇప్పుడు దుకాణాల వరస ఉంది. మొన్న హిందూపురంలో ఆటో దాని ముందు నుంచే పోయింది, ఏది ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను.

గోరంట్ల బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు మనవరాలికి ఇచ్చి, టికెట్లు తీసుకుని, కొంగు సర్దుకుని కూర్చుని, అది అడిగినదానికి జవాబు చెప్పాను.

"లేదు. నేను బయపడలేదు."

"ఊఁ," అంది.

నేను కాచుకున్నాను. మరి ఎందుకు దిగమన్నావు అని అడుగుతుంది, అడగ్గానే కొండ, మొండిగోడ, రిబ్బను, లేచిన మడమ, అన్నీ చెప్పాలని మాటలు వరసగా పేర్చి పెట్టుకున్నాను. బస్సు ఊరు దాటింది. శనక్కాయ చేలు మొదలయ్యాయి. అది అడగలేదు. చివరికి నేనే, "ఎందుకు దిగమన్నానో అడగవా?" అన్నాను.

అది నా వైపు వింతగా చూసింది. "కింద ఉండేవాళ్ళు దిగు అంటే దిగాల్సిందే గదా అవ్వా? మా క్లాసులో ఎవరూ ఎందుకని అడగరు," అని, మళ్ళీ కిటికీ వైపు తిరిగి చేలు చూస్తూ కూర్చుంది.

ఎక్కడి మలబారు ఆవిడ, ఎక్కడి బెంగుళూరు పిల్లలు! మేము ఒక రాత్రి విజిల్‌కు ఎదురు నిలబడి కాపాడుకున్నది, వీళ్ళకు చెప్పులు బయట విడవడం లాంటి మామూలు సంగతి అయిపోయింది. సంతోషించాలి, సంతోషించాను కూడా. కానీ ఇన్నేళ్ళు మోసినదాన్ని దించుకుందామని భుజం వంచితే, అవతల చెయ్యి చాచేవాళ్ళు లేకపోయారు. ఆ పిల్ల అడిగి ఉంటే దానికే చెప్పేదాన్ని. అడగలేదు కాబట్టి మీకు చెప్పాను.